ఒక్క అరుగు, ఒక్క అయ్యవారు

మా తాతగారు చదివిన వీధి బడికి గది కూడా లేదు. ఒక ఇంటి వీధి అరుగే బడి, అయ్యవారు ఒక్కరే. ఇసుకలో ఓనమాలు దిద్దే చంటివాడి నుంచి పెద్ద బాలశిక్ష వల్లెవేసే పదేళ్ల పిల్లవాడి వరకు అందరూ అక్కడే కూర్చునేవారు. ఎక్కాలు వచ్చిన పెద్ద పిల్లలు రానివారి చేత చెప్పించడం వల్లనే ఒక్క మనిషితో అన్ని తరగతులూ నడిచాయి. అయ్యవారి జీవనం కొంత ధాన్యంతోను, కొంత దసరా మామూళ్లతోను సాగేది.

గోదావరి డెల్టాలో ఈ చరిత్రకు మరొక పాయ ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి కాలువల నీరు చేలకు చేరిన కొద్ది కాలానికే, సబ్ కలెక్టరు జి.ఎన్. టేలర్ నరసాపురంలోను, పాలకొల్లు, ఆచంట, పెనుగొండలలోను బడులు నెలకొల్పారు. అటుపై పల్లె రైతులు శిస్తుతోపాటు బడి కోసం అదనపు పన్ను చెల్లించడానికి ఒప్పుకున్నారు. ఇది నాకు ఆనకట్టకు తీసిపోని పని అనిపిస్తుంది, అయితే మా వైపు కాటన్ దొరను తలచినంతగా టేలరును ఎవరూ తలవరు.

ఏకోపాధ్యాయ పాఠశాలలు స్వాతంత్ర్యం తరువాత కూడా చాలాకాలం కొనసాగాయి. ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసం రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలన్న కేంద్ర పథకం, ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్, 1987లో గాని రాలేదు.