ఆసుపత్రి గడియారాలన్నీ ఒకే సమయం చూపేదాకా

చెన్నైలో నేను పనిచేసే ఆసుపత్రికి నెల్లూరు, సూళ్లూరుపేట, పుత్తూరు వైపుల నుంచి ప్రసవాలకు చాలామంది వస్తారు. తల్లీబిడ్డలు క్షేమమని తెలియగానే ఇంటివాళ్లు అడిగే తర్వాతి మాట, బిడ్డ ఎన్ని గంటలకు పుట్టిందని. ఒక పాప విషయంలో ప్రసవ గది రిజిస్టరుకూ కంప్యూటర్ నమోదుకూ పదకొండు నిమిషాల తేడా వచ్చింది. ఆ రోజు ఆ పదకొండు నిమిషాల మధ్యే నక్షత్రం మారింది. పాప అమ్మమ్మ నా దగ్గరకు వచ్చి, "ఏది నిజం నాయనా?" అని అడిగారు. జాతకాల మీద నమ్మకం ఉన్నా లేకపోయినా ఆ ప్రశ్నకు ఆసుపత్రి దగ్గర జవాబు ఉండి తీరాలి. మందు ఎప్పుడు ఎక్కించారు, రక్తం ఎప్పుడు తీశారు, గుండె ఎప్పుడు ఆగింది అనేవాటికీ ఆధారం అవే గడియారాలు.

కంప్యూటర్ విభాగం నాది కాబట్టి పని నా మీద పడింది. ముందు గడియారాల లెక్క తీశాను. గోడ గడియారాలు, మానిటర్లు, వెంటిలేటర్లు, ల్యాబ్ యంత్రాలు, సీసీటీవీ రికార్డరు, వేలిముద్ర హాజరు యంత్రం, సర్వర్లు: ప్రతిదాని ముందూ నిలబడి తేడా రాసుకున్నాను. ఒక వార్డు గడియారం అయిదు నిమిషాలు ముందుంది. "కావాలనే పెట్టుకున్నాం సార్, డ్యూటీ మార్పిడికి ఎవరూ ఆలస్యం కాకూడదని," అన్నారు హెడ్ నర్సు. విదేశం నుంచి వచ్చిన ఒక యంత్రంలో వేసవి సమయం (కొన్ని దేశాల్లో వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపే పద్ధతి) సెట్టింగు అలాగే ఉండిపోయింది. మార్చి చివరి ఆదివారం దాటాక అది గంట ముందుకు దూకి కూర్చుంది.

ఆ ఒక్క పట్టిక చాలదని త్వరగానే అర్థమైంది. ఈ క్షణంలో గడియారం ఎంత తప్పుగా ఉందో చెప్పేది ఆఫ్‌సెట్. ఆ తప్పు రోజురోజుకూ ఎంత పెరుగుతోందో చెప్పేది డ్రిఫ్ట్. మొదటిది ముల్లు తిప్పితే పోతుంది, రెండోది పోదు. మామూలు క్వార్ట్జ్ గడియారంలోని స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. పది లక్షల్లో 20 వంతుల తేడా ఉన్నా రోజుకు 1.7 సెకన్లు, నెలకు దాదాపు 50 సెకన్లు తప్పుతుంది. పైగా ఆ స్ఫటికాన్ని 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడిచేలా కోస్తారు. అంతకంటే వేడెక్కినా చల్లబడినా నెమ్మదిస్తుంది. మా జనరేటర్ గది గడియారాన్ని ఎన్నిసార్లు సరిచేసినా మళ్లీ వెనకబడటం చూశాక, నెలకోసారి ఎవరో ఒకరు తిరిగి సరిచేసే పద్ధతి ఎప్పటికీ చాలదని యాజమాన్యానికి చెప్పగలిగాను.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది మాత్రం సర్వర్. అది నాలుగు నిమిషాలు ముందుంది. ప్రసవ గది గడియారం బ్యాటరీ నీరసించి ఏడు నిమిషాలు వెనకబడింది. పాప పుట్టిన సమయంలో తేడా అలా వచ్చింది. సర్వర్ తప్పు ఇన్నాళ్లూ ఎవరికీ కనబడకపోవడానికి కారణముంది. ఆసుపత్రిలోని కంప్యూటర్లన్నీ దాని దగ్గరే సమయం తీసుకుంటున్నాయి. లాగిన్ పద్ధతి మామూలుగా అయిదు నిమిషాల తేడా వరకే ఒప్పుకుంటుంది, కాబట్టి బయటి కంప్యూటర్ ఏదైనా మరీ తేడాగా ఉంటే దాన్నే లోపలికి రానివ్వదు. అన్నీ ఒకదానితో ఒకటి ఏకీభవిస్తూ, అన్నీ కలిసి తప్పు చెబుతున్నాయి. గడియారాలు కలవడం ఒక్కటే చాలదు. ప్రతి గడియారం తన సమయం ఎక్కడి నుంచి తెచ్చుకుంటోందో చూపించగలగాలి.

ఆ మూలం ఏదన్నది మన దేశంలో స్పష్టంగానే ఉంది. భారత ప్రామాణిక సమయాన్ని నిలబెట్టేది న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. దేశ సైబర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో సంస్థలు తమ వ్యవస్థలను ఆ ప్రయోగశాల సర్వర్లకు గానీ, ప్రభుత్వ కంప్యూటర్ సేవలు చూసే ఎన్‌ఐసీ సర్వర్లకు గానీ, వాటితో ముడిపడిన సర్వర్లకు గానీ కలపాలని ఉంది. ఆ కాగితం చేతిలో పెట్టుకుని అడిగాక డబ్బు మంజూరు కావడం తేలికైంది.

కలిపే పద్ధతి ఎన్‌టీపీ, అంటే నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్. అమెరికాలో డెలవేర్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేవిడ్ మిల్స్ దీన్ని రూపొందించి, 1985 నుంచి దశాబ్దాల పాటు మెరుగుపరిచారు. ఇందులోని ఆలోచన నాకు చాలా ఇష్టం. మన కంప్యూటర్ అడిగిన క్షణం, సర్వర్‌కు ఆ ప్రశ్న అందిన క్షణం, సర్వర్ జవాబు పంపిన క్షణం, అది మనకు చేరిన క్షణం: ఈ నాలుగింటితోనే దారిలో పట్టిన సమయాన్నీ, రెండు గడియారాల మధ్య తేడానూ విడదీసి లెక్కగడుతుంది. వెళ్లడానికీ రావడానికీ సమానంగా సమయం పట్టిందని అనుకోవడం ఒక్కటే అందులోని ఊహ. ఆ రెండింటి మధ్య ఎంత తేడా ఉంటే, లెక్కలో అందులో సగం తప్పు వస్తుంది. వరసగా తీసిన కొలతలు ఒకదానికొకటి ఎంత ఊగుతున్నాయో చెప్పేది జిట్టర్. టెలికం కేంద్రాల్లాంటి చోట్ల మైక్రోసెకన్ల కచ్చితత్వం కోసం పీటీపీ అనే మరో పద్ధతి వాడతారు. మాకు మిల్లీసెకన్లు చాలు.

మొదట్లో మా తెరమీద స్ట్రాటం 16 అని కనబడేది. అసలు మూలం నుంచి ఎన్ని మెట్లు కింద ఉన్నామో చెప్పేది స్ట్రాటం. పరమాణు గడియారం, ఉపగ్రహాల నుంచి సమయం అందుకునే జీపీఎస్ రిసీవర్ లాంటి మూలాలది సున్నా స్థాయి. దానికి నేరుగా తగిలించిన సర్వర్‌ది ఒకటి, దాన్ని అడిగేవాళ్లది రెండు, అలా దిగుతుంది. 16 అంటే ఎవరితోనూ కలవలేదని అర్థం. బయటి రాకపోకలను అడ్డుకునే ఫైర్‌వాల్‌లో ఎన్‌టీపీ వాడే దారి, యూడీపీ 123 పోర్టు, తెరిచాక ఆ అంకె రెండుకు దిగింది. మూలాలు నాలుగు పెట్టుకున్నాం: ప్రయోగశాలది ఒకటి, ఎన్‌ఐసీవి రెండు, మా మేడమీది జీపీఎస్ సర్వర్. రెండే ఉండి అవి విభేదిస్తే ఎవరిని నమ్మాలో తేలదు. మూడుంటే మెజారిటీ దొరుకుతుంది. నాలుగుంటే ఒకటి ఆగిపోయినా ముగ్గురు మిగులుతారు.

జీపీఎస్ యాంటెన్నాకు నీళ్ల ట్యాంకు, లిఫ్టు గది అడ్డం రాని మూల వెతికి, పిడుగు రక్షణ పెట్టించాం. జీపీఎస్ సమయం ఇప్పుడు ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీ కంటే 18 సెకన్లు ముందుంటుంది. ఆ తేడా ఎంతో తెలిపే సందేశం పూర్తిగా అందడానికి పన్నెండున్నర నిమిషాల దాకా పట్టవచ్చు. అందుకే పెట్టిన వెంటనే దాన్ని నమ్మకుండా ఆగి చూశాం.

ముందున్న సర్వర్‌ను వెనక్కి తేవడమే అసలు కష్టం. ఒక్కసారిగా వెనక్కి తిప్పితే, రక్తం తీయకముందే ఫలితం వచ్చినట్టు రికార్డులో పడుతుంది. నెమ్మదిగా జరిపిద్దామంటే ఎన్‌టీపీ ప్రోగ్రాం సెకనుకు అర మిల్లీసెకను కంటే వేగంగా జరపదు. నాలుగు నిమిషాలకు అయిదున్నర రోజులు పడుతుంది, ఆ రోజులన్నీ ఏ నమోదూ సరైనది కాదు. అందువల్ల ముందు గోడ గడియారాలు సరిచేసి, తెల్లవారుజామున సాఫ్ట్‌వేర్ ఆపేశాం. నర్సులు చేత్తో రిజిస్టరు రాశారు. సర్వర్ గడియారం సరిచేసి, ఆపిన క్షణం మళ్లీ దాటేదాకా ఆగి, అప్పుడు సాఫ్ట్‌వేర్ తెరిచాం. ఏ నిమిషమూ రెండుసార్లు నమోదు కాలేదు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్ల ఓర్పుకు నేను రుణపడి ఉన్నాను.

ఈ నగరానికి ఇలాంటి పని కొత్త కాదు. 1792లో ఇక్కడ కట్టిన ఖగోళ వేధశాల లెక్కగట్టిన మద్రాసు సమయాన్నే ఒకప్పుడు దేశంలో రైళ్లు పాటించాయి. 1906లో భారత ప్రామాణిక సమయం వచ్చినప్పుడు మద్రాసు దానికంటే 8 నిమిషాల 50 సెకన్లు వెనక ఉంది. ఆ వేధశాల రాతి స్తంభం నుంగంబాకంలో వాతావరణ కార్యాలయ ఆవరణలో ఉంది, దాని మీద తెలుగులో కూడా శాసనం చెక్కారు.

గోడ గడియారాల కొనుగోలుకు కూడా జాగ్రత్త పడాల్సి వచ్చింది. ఒక అమ్మకందారు చూపించిన గడియారాలన్నీ ఒకే లయలో కొట్టుకుంటున్నాయి, కానీ ఒక్కోటి ఒక్కో సమయం చూపుతోంది. వేగం కలవడం వేరు, చూపే సమయం కలవడం వేరు. సమయం పంపే గడియారాన్నీ అందుకునే గడియారాన్నీ పాత కంపెనీ పత్రాల్లో మాస్టర్, స్లేవ్ అనీ, కొత్తవాటిలో టైమ్ ట్రాన్స్‌మిటర్, టైమ్ రిసీవర్ అనీ ఉంటుంది. పేరు ఏదైనా, కింది గడియారానికి పై నుంచి సంకేతం ఆగిపోతే అది ఏం చేస్తుందని అడిగాను. సొంత స్ఫటికంతో నడుస్తూనే, సంకేతం లేదని దీపంతో చూపించేవాటినే కొన్నాం. తప్పు సమయాన్ని ధీమాగా చూపించే గడియారం ప్రసవ గదిలో ఉండకూడదు.

ల్యాబ్‌లో రెండు పాత యంత్రాలకు నెట్‌వర్క్ పోర్టే లేదు. వాటిని బయోమెడికల్ ఇంజినీరు ప్రతి సోమవారం చేత్తో సరిచేసి, తేడాను పక్కన వేలాడదీసిన కాగితం మీద రాస్తున్నారు. ఇకపై ఏ పరికరం కొన్నా ఎన్‌టీపీ ఉందా, ఎన్ని మూలాలను అడగగలదు, యూటీసీకి అయిదున్నర గంటలు ముందుండే మన కాలమండలం సరిగ్గా పడుతుందా, వేసవి సమయం పూర్తిగా ఆపే వీలుందా అని టెండరులోనే అడుగుతున్నాం.