పాత రెడ్ వైన్, మన చిత్తూరు ఎండలు

విదేశాల నుంచి ఎవరైనా మంచి రెడ్ వైన్ తెచ్చిస్తే మన ఇళ్లలో అది నేరుగా షోకేస్‌లోకి వెళ్లిపోతుంది, ఏదైనా మంచి సందర్భం చూసి తెరుద్దామని. చిత్తూరులో ఏప్రిల్, మే అంటే 40 డిగ్రీలు, పై అంతస్తులో ఉండేవాళ్లకైతే రాత్రిపూట కూడా గోడలు వేడిగానే ఉంటాయి. అలాంటి గదిలో రెండు వేసవులు గడిపిన వైన్ ఉడికిపోతుంది. వేడికి లోపలి వైన్ వ్యాకోచించి కార్క్‌ను పైకి నెట్టడం కూడా జరుగుతుంది. ఎంత పాతదైతే అంత గొప్పదని ఎవరైనా అంటే నాకు చిరాకు అందుకే. ఎన్నేళ్లదని అడిగే ముందు, అన్నేళ్లూ ఎక్కడ ఉంచారో అడగాలి.

అసలు చాలా వైన్లు నాలుగైదేళ్లలోపు తాగేయడానికే చేస్తారు. దశాబ్దాలు నిలిచేవి కొన్నే. ఫ్రాన్స్‌లోని బోర్డోలో కాబెర్నే సోవిన్యోన్ ద్రాక్షతో చేసేవి, ఇటలీలో నెబ్బియోలో ద్రాక్షతో చేసే బరోలో, స్పెయిన్‌లో రియోహా ప్రాంతంలో ఏళ్ల తరబడి నిల్వ ఉంచాకే అమ్మే గ్రాన్ రిజర్వా లాంటివి. బరోలోనైతే 38 నెలలు ఆగకుండా అమ్మకూడదని చట్టమే ఉంది, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో ఉండాలి.

మా బావ ఫ్రాన్స్‌లో ఉంటాడు. మొన్న సంక్రాంతికి వస్తూ బోర్డోలోని పొయాక్ ప్రాంతపు సీసా ఒకటి తెచ్చాడు, 1996లో కోసిన ద్రాక్షతో చేసింది. ఆ ప్రాంతానికి 1996 చాలా మంచి సంవత్సరం. పైగా అన్నేళ్లూ నేలమాళిగలో, 12, 13 డిగ్రీల చల్లదనంలో, చీకట్లో, కార్క్ ఎండిపోకుండా పడుకోబెట్టి ఉంచిన సీసా అది. ప్రయాణంలో అడుగు మడ్డి అంతా కదిలిపోతుంది కాబట్టి ఏసీ గదిలో కొన్ని రోజులు నిలబెట్టి ఉంచాం. పాత కార్క్‌లో మామూలు స్క్రూ దింపితే పొడిపొడి అయిపోయే ప్రమాదం ఉంది, అందుకని రెండు పక్కలా సన్నటి రేకులు దించి తిప్పుతూ లాగే ఓపెనర్ వాడాడు బావ. తర్వాత కొవ్వొత్తి వెలిగించి, సీసా మెడ దాని పైకి వచ్చేలా పట్టుకుని, గాజు జగ్గులోకి ఆపకుండా ఒకే ధారగా వంచాడు. మంట వెలుగులో ఎర్రగా పారుతున్న వైన్‌లో నల్లటి నూలుపోగు లాంటి మడ్డి మెడ దాకా రాగానే చెయ్యి ఆపేశాడు. అడుగున వేలెడు మిగిలింది, అది వదిలేయాల్సిందే.

గ్లాసులో మూడో వంతు మాత్రమే పోశాడు. నడుమ ముదురు ఎరుపు, అంచున ఇటుక రంగు. మొదట వాసన పెద్దగా లేదు. పది నిమిషాలకు పొగాకు, పెన్సిల్ చెక్కినప్పటి దేవదారు వాసన, కొంచెం తోలు. మా మామ రెండుసార్లు వాసన చూసి, ‘ఏం అబ్బయా, వాన పడినాక మన మామిడితోటలో రాలిన ఆకుల వాసన మాదిరి ఉందే’ అన్నాడు. సరిగ్గా అదే! వైన్ గురించి ఏ పుస్తకమూ చదవని మనిషి ఒక్క మాటలో పట్టేశాడు.

నోట్లో పెట్టుకున్నాక అసలు సంగతి తెలుస్తుంది. కుర్ర కాబెర్నేలో వగరు చిగుళ్లను పట్టేస్తుంది. ఆ వగరుకు కారణమైన టానిన్లు ఏళ్ల తరబడి ఒకదానికొకటి అతుక్కుని పెద్దవై, కొంత అడుగున మడ్డిగా దిగిపోతాయి, రంగు కూడా వాటితోనే కొంత పోతుంది. మిగిలిన వగరు మెత్తబడి నాలుక మీద జారిపోతుంది. పులుపు మాత్రం ఎక్కడికీ పోదు, ఇన్నేళ్ల తర్వాత కూడా వైన్‌కు ప్రాణం ఉందంటే దానివల్లే. అరగంట దాటాక నల్ల ద్రాక్ష లాంటి పండు రుచి కూడా పైకి వచ్చింది, నాకు అన్నిటికన్నా అదే నచ్చింది. మింగాక చాలాసేపు రుచి పోలేదు. గటగటా తాగేసి ఉంటే ఇందులో సగం కూడా తెలిసేది కాదు. అలాగని మరీ గంటలు గంటలు గాలికి వదిలేసినా పాత వైన్ తొందరగా వాడిపోతుంది.

రెడ్ వైన్‌ను రూమ్ టెంపరేచర్‌లో తాగాలంటారు కదా, అది యూరప్‌లో పాత ఇళ్ల లెక్క, 16 నుంచి 18 డిగ్రీలు. మన గదిలో అంతకన్నా చాలా ఎక్కువ, కాబట్టి కాసేపు ఫ్రిజ్‌లో పెట్టడం తప్పు కానే కాదు. ఇక తిండి. రాగి సంగటి, నాటుకోడి పులుసు నాకు ప్రాణం, కానీ ఆ కారం ముందు ఇంత సున్నితమైన వాసనలు నిలబడవు. మేం కారం తగ్గించి వేయించిన మటన్ ముక్కలతో వైన్ పూర్తి చేసి, సంగటి తర్వాత తిన్నాం.

మన ఊళ్లో ఇలాంటి సీసా చేతికొస్తే, వైన్ ఫ్రిజ్ లేని పక్షంలో, వేసవి రాకముందే తెరిచేయండి. కొనేటప్పుడు సీసాను వెలుగుకు పెట్టి మట్టం చూడండి. వైన్ మెడ కింది దాకా ఉంటే ఆ వయసుకు మామూలే. భుజం కన్నా కిందికి దిగిందంటే కార్క్ గాలి పీల్చినట్టే, ఎంత పెద్ద పేరున్నా అది వద్దు.