మైలుతుత్తం గిన్నెలో అయాన్లు నిజంగా ఎలా కదులుతాయి

ధనావేశం ఉన్న అయాన్లను ఋణ ఎలక్ట్రోడ్ లాగేసుకుంటుందని బళ్లో చెబుతారు. మాట అబద్ధం కాదు. కానీ గిన్నెలో ఉన్న అయాన్లన్నిటికీ ఆ లాగుడు అందుతుందనుకుని రాగి పూతకు దిగితే, వస్తువు మీద మిగిలేది నల్లటి పొడి.

ఎరువుల దుకాణంలో దొరికే మైలుతుత్తంతోనే (అంటే కాపర్ సల్ఫేటుతోనే) చూద్దాం. కొలతలు అర లీటరు ద్రావణానికి: 100 గ్రాముల తుత్తం, 1.25 సాంద్రత ఉన్న బ్యాటరీ యాసిడ్ 60 మి.లీ. తుత్తాన్ని ముందు డిస్టిల్డ్ వాటర్‌లో పూర్తిగా కరిగించి, తర్వాత యాసిడ్‌ను కొద్దికొద్దిగా పోయాలి. యాసిడ్‌లోకి నీళ్లు పోయొద్దు. గ్లోవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. ప్లస్ వైరు రాగి రేకుకి, మైనస్ వైరు పూత పట్టాల్సిన ఇత్తడి ముక్కకి. తిరగేసి కలిపితే ఇత్తడే కరగడం మొదలవుతుంది.

రెండిటి మధ్య 5 సెం.మీ. ఎడం, ఆ ఎడంలో ద్రావణం మీద 1 వోల్టు పడుతోందనుకుందాం (ఇక్కడ నిజానికి అంత కూడా పడదు). ఆ క్షేత్రంలో రాగి అయాన్ నడిచే వేగం సెకనుకు ఒక మైక్రోమీటరు పైచిలుకు, అంటే గంటకు 4 మి.మీ. అవతలి ఒడ్డుకు చేరాలంటే 12 గంటలు దాటుతుంది. అయినా రాగి రంగు క్షణాల్లో కనిపిస్తుంది, ఎందుకంటే ముందుగా ఎలక్ట్రాన్లు అందుకునేవి ఇత్తడిని ఆనుకుని ఉన్న అయాన్లే.

దూరంగా ఉన్నవాటికి ఎలక్ట్రోడ్ మీది ఆవేశం దాదాపు తెలియదు. దాని పక్కనే గుమిగూడిన వ్యతిరేక అయాన్లు ఆ ఆవేశాన్ని తెరలా కప్పేస్తాయి. ఈ తెర మందానికి డెబై పొడవు అని పేరు. మామూలు ఉప్పు ద్రావణం 0.001 మోలార్ (మోలార్ అంటే లీటరుకు ఎన్ని మోల్‌లు కరిగాయో చెప్పే గాఢత) ఉంటే అది 10 నానోమీటర్లు, 0.1 మోలార్ అయితే ఒక్క నానోమీటరు. మన గిన్నెలో అంతకన్నా తక్కువే. తెర అవతల మిగిలేది కరెంటు నడవడానికి సరిపడే పలచని క్షేత్రం.

ఇక అయాన్లు ఒకదాన్నొకటి లాక్కోవడం. నీరు ఈ ఆకర్షణను 80 రెట్లు తగ్గిస్తుంది. లేకపోతే తుత్తం కరిగేదే కాదు. అయినా రాగికి రెండు ధనావేశాలు, సల్ఫేటుకు రెండు ఋణావేశాలు కాబట్టి, అంతే దూరంలో సోడియం, క్లోరైడ్‌ల మధ్య ఉండే బలానికి ఇది నాలుగింతలు. కొన్ని జతకట్టేస్తాయి, ఆ జతకు మొత్తం మీద ఆవేశం సున్నా. యాక్టివిటీ గుణకం (కరిగిన అయాన్లు ఎంత స్వేచ్ఛగా ప్రవర్తిస్తాయో చెప్పే అంకె, పూర్తి స్వేచ్ఛ ఉంటే 1) చూస్తే తేడా తెలుస్తుంది: 0.1 మోలార్ దగ్గర ఉప్పుకు 0.78, కాపర్ సల్ఫేటుకు 0.15 చుట్టుపక్కల.

పైగా యాసిడ్ పోశాక కరెంటులో సింహభాగం మోసేది హైడ్రోజన్ అయాన్లు. వాటి చలనశీలత, అంటే అదే క్షేత్రంలో నడిచే వేగం, రాగి అయాన్‌కు ఆరు రెట్ల పైనే. అంటే ఇత్తడి దగ్గరికి రాగి చేరేది ప్రధానంగా వ్యాపనం (ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి దానంతటదే పాకడం) వల్ల, మీరు కలపడం వల్ల. పక్కనున్న రాగి అయిపోయే వేగానికి కొత్తది అందకపోతే పూత పొడిపొడిగా, నల్లగా వస్తుంది, హైడ్రోజన్ బుడగలు లేస్తాయి. కలపని గిన్నెలో లీటరుకు 200 గ్రాముల ద్రావణం చదరపు డెసీమీటరుకు దాదాపు 5 ఆంపియర్ల దాకా తట్టుకుంటుంది. 20 గ్రాములదైతే అర ఆంపియర్ దగ్గరే చేతులెత్తేస్తుంది. మూలలు, అంచుల దగ్గర కరెంటు ఎక్కువ పోగవుతుంది గనుక అవే ముందు మాడతాయి. అందుకే చదరపు డెసీమీటరుకు 1.5 ఆంపియర్లు దాటకండి.

5 × 2 సెం.మీ. రేకుకు రెండు వైపులా కలిపి 0.2 చదరపు డెసీమీటర్లు, అంటే 0.3 ఆంపియర్లు. 5 వోల్టుల మొబైల్ ఛార్జర్‌ను నేరుగా తగిలించొద్దు. 15 ఓమ్‌లు, 5 వాట్ల రెసిస్టర్‌ను సిరీస్‌లో పెడితే దాదాపు అంతే వస్తుంది. 40 నిమిషాలకు సుమారు 13 మైక్రోమీటర్ల పూత.

ఇనుప చెంచా మాత్రం ముంచొద్దు. కరెంటు లేకుండానే ఇనుము తన ఎలక్ట్రాన్లు రాగికిచ్చి కరుగుతుంది, ఆ ఎర్రటి పొర గోటితో గీకితే ఊడొస్తుంది.

వాడేసిన ద్రావణం కాలువలో, చెరువులో పోయకండి, చేపలకు రాగి విషం. ఆరుబయట స్టీల్ ఊల్ వేసి నీలం రంగు పోయేదాకా ఉంచండి (హైడ్రోజన్ వస్తుంది, దగ్గర్లో మంట ఉండకూడదు), ఆపైన సున్నం కలిపి, అడుక్కి దిగిన మడ్డిని వడకట్టి విడిగా దాచండి.