పాత బోర్డుకి కొత్త గ్రాఫిక్స్ కార్డు: 16 జీబీ వైపే ఎందుకు మొగ్గానంటే

గ్రాఫిక్స్ కార్డు మార్చాలనుకున్నాక నేను మొదట తెరిచింది మదర్‌బోర్డు మాన్యువల్. నాది బీ450 బోర్డు, దాని మీద రైజెన్ 5 3600 ప్రాసెసర్. మానిటర్ 1080పీ. ఇవన్నీ ఇంకా బాగానే నడుస్తున్నాయి, కదిలించే ఉద్దేశం లేదు. ఇబ్బంది పెడుతున్నది ఇప్పటి గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1660 సూపర్ ఒక్కటే. దాని 6 జీబీ మెమరీతో కొత్త గేముల్లో టెక్స్‌చర్లు (గోడలు, నేల లాంటి వాటి మీద పరిచే బొమ్మలు) మీడియం దాటిస్తే చాలు, ఆట ఆగి ఆగి సాగుతోంది.

మాన్యువల్ ఎందుకంటే, బీ450 మీద గ్రాఫిక్స్ కార్డు పెట్టే స్లాట్ పీసీఐఈ 3.0, అంటే పాత తరానిది. ఎంత కొత్త కార్డు పెట్టినా డేటా ఆ వేగంతోనే వెళ్లాలి. మామూలుగా ఇది పెద్ద విషయం కాదు. కానీ ఈమధ్య మిడ్ రేంజ్ కార్డుల్లో ఒక పొదుపు మొదలైంది. చూడటానికి కనెక్టర్ పూర్తి పొడవు ఉంటుంది, డేటా వెళ్లే దారులు, అంటే లేన్లు, పదహారులో పనిచేసేవి మాత్రం ఎనిమిదే. ఆర్‌టీఎక్స్ 4060, 5060, ఆర్‌ఎక్స్ 6600, 7600 అన్నీ ఇంతే. పీసీఐఈ 4.0 బోర్డులో ఎనిమిది లేన్లంటే సెకనుకి సుమారు 16 జీబీ. నా బోర్డులో అది 8కి పడిపోతుంది.

ఇది ఎప్పుడు తెలుస్తుందంటే, కార్డు మెమరీ నిండినప్పుడు. 8 జీబీలో పట్టని డేటా కంప్యూటర్ ర్యామ్‌లో కూర్చుని, ఆ లేన్ల మీదుగా వచ్చిపోతూ ఉంటుంది. 4060 సొంత మెమరీ వేగం సెకనుకి 272 జీబీ. దాని పక్కన 8 అంటే ఏ మూలకి? యావరేజ్ ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని ఫ్రేములు) బాగానే కనిపిస్తుంది కానీ, మలుపు తిరిగేసరికి ఒక్క క్షణం బిగుసుకుపోతుంది. కొన్ని గేములు బిగుసుకోవు. చెప్పాపెట్టకుండా టెక్స్‌చర్ నాణ్యత తగ్గించేస్తాయి, ఎదురుగా ఉన్న గోడ మీద రాతలు అలుక్కుపోయినట్టు ఉంటాయి. గ్రాఫులో ఇది ఎక్కడా దొరకదు. అందుకే నేను రివ్యూల్లో యావరేజ్ కంటే ‘1 శాతం లో’ అంకె, అంటే అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన ఒక్క శాతం ఫ్రేముల వేగం చూస్తాను.

ఇంకో సంగతి. రివ్యూలు చేసేవాళ్లు అన్నిటికంటే వేగమైన ప్రాసెసర్ మీద కార్డుని పరీక్షిస్తారు. కార్డు సత్తా తెలియాలంటే అదే పద్ధతి, తప్పులేదు. కానీ నా దగ్గర ఉన్నది ఆ ప్రాసెసర్ కాదుగా! ఇంటెల్ ఆర్క్ బీ580 సంగతి అలాగే అయింది. 2024 డిసెంబరులో వచ్చింది, 12 జీబీ, 192 బిట్ బస్ (గ్రాఫిక్స్ చిప్‌కీ మెమరీకీ మధ్య దారి వెడల్పు). కాగితం మీద నాకు అన్నిటికంటే నచ్చిన కార్డు. తర్వాత కొందరు దాన్ని నా ప్రాసెసర్ లాంటి పాతవాటితో పరీక్షిస్తే చాలా గేముల్లో బాగా వెనకబడింది. దాని డ్రైవర్ ప్రాసెసర్ మీద ఎక్కువ భారం వేస్తుందట. మనసు చంపుకుని వదిలేశాను.

మరి 128 బిట్ బస్ కార్డుల్లో 8 లేకపోతే 16 ఏమిటి, మధ్యలో ఏమీ లేదా అనిపిస్తుంది. ఒక్కో మెమరీ చిప్ వెడల్పు 32 బిట్లు. 128 బిట్ బస్‌కి నాలుగు చిప్పులు, ఒక్కోటి 2 జీబీ, మొత్తం 8. పదహారు కావాలంటే కార్డు వెనక వైపు కూడా చిప్పులు అతికిస్తారు, రెండేసి చిప్పులు ఒకే దారిని పంచుకుంటాయి. గోడౌన్ రెట్టింపు అవుతుంది, గుమ్మం మాత్రం అదే. ‘128 బిట్ బస్‌కి 16 జీబీ దండగ’ అనేవాళ్లు ఈ గుమ్మాన్నే చూపిస్తారు. నేను ఒప్పుకోను. టెక్స్‌చర్ సెట్టింగ్ భారం దాదాపు అంతా మెమరీ మీదే, గ్రాఫిక్స్ చిప్ మీద పడేది తక్కువ. షాడోలు, రే ట్రేసింగ్ (వెలుతురు కిరణాల లెక్క) తగ్గించి టెక్స్‌చర్లు హైలో పెట్టుకుంటే 1080పీలో బొమ్మ చక్కగా ఉంటుంది. నేను ఆడేది అలాగే.

పేర్ల దగ్గర మాత్రం జాగ్రత్త. ఆర్‌టీఎక్స్ 3060 మొదట 12 జీబీ, 192 బిట్‌తో వచ్చింది. తర్వాత అదే పేరుతో 8 జీబీ, 128 బిట్ కార్డు కూడా దించారు. 5060 టీఐ, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ రెండిట్లోనూ 8, 16 రెండు రకాలున్నాయి.

నేను తీసుకోబోయేది ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ, 16 జీబీది. దానికి పదహారు లేన్లూ ఉన్నాయి, కాబట్టి నా పాత స్లాట్‌లో కూడా సెకనుకి సుమారు 16 జీబీ అందుతుంది. నిజం చెప్పాలంటే 16 జీబీ 5060 టీఐ కూడా మంచిదే. అంత మెమరీ నిండేది అరుదు కాబట్టి ఎనిమిది లేన్ల లోటు పెద్దగా తెలియదు, పైగా డీఎల్‌ఎస్‌ఎస్ (చిన్న బొమ్మని ఏఐతో పెద్దది చేసే ఎన్విడియా పద్ధతి) నాకు ఇష్టం. బోర్డు కొత్తదైతే అటే వెళ్లేవాణ్ణేమో.

కరెంటు గురించి టెన్షన్ లేదు. కార్డు లాగేది 160 వాట్లు. ఒక 8 పిన్ కేబుల్ 150, స్లాట్ 75 ఇస్తాయి, నా 550 వాట్ల పవర్ సప్లైకి ఇది బరువు కాదు. మూడు ఫ్యాన్ల మోడళ్లు మాత్రం నా క్యాబినెట్‌లో హార్డ్ డిస్క్ అరకి తగులుతున్నాయి, కాబట్టి రెండు ఫ్యాన్లదే.

తర్వాత ఎప్పుడో రైజెన్ 5000 ప్రాసెసర్ వేసుకున్నా ఈ బోర్డులో స్లాట్ 3.0గానే ఉంటుంది. కార్డు వచ్చేలోపు బయోస్ అప్‌డేట్ చేసి పెట్టుకోవాలి, రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి అందుకునే వీలు) ఆప్షన్ మా బోర్డుకి అందులోనే వస్తుంది.