కండక్టర్ లేని పదకొండో నంబరు బస్సు

నాన్న తెనాలి డిపోలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. నిరుడు వేసవిలో జ్యూరిక్‌లో మా దగ్గరికి వచ్చినప్పుడు సరస్సులూ మంచుకొండలూ అన్నీ తిప్పాను. "బాగుంది రా" అనేవారు, అంతే. "మూడు దేశాల్లో తిరిగే బస్సుంది నాన్నా" అన్నాకే లేచి కూర్చున్నారు.

అది పదకొండో నంబరు. స్విట్జర్లాండ్‌లోని సార్గాన్స్‌లో బయల్దేరి, లీక్టెన్‌స్టైన్ దేశం మొత్తం దాటి, ఆస్ట్రియాలోని ఫెల్డ్‌కిర్క్ చేరుతుంది. దేశం మొత్తం అంటే 160 చదరపు కిలోమీటర్లు, దాదాపు 40 వేల జనం. విమానాశ్రయం లేదు. రాజధాని వాడుజ్‌కి రైల్వే స్టేషన్ కూడా లేదు, బస్సే దిక్కు.

లీక్టెన్‌స్టైన్ 2011లో షెంజెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో, చేరింది కాబట్టి అమ్మానాన్నలకు వేరే వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టులు మాత్రం ముగ్గురివీ సంచిలో పెట్టుకున్నాం.

సార్గాన్స్‌లో డ్రైవరే టికెట్లు కొట్టి, చిల్లర లెక్కపెట్టి ఇచ్చాడు. నాన్న పక్కనే నిలబడి చూశారు. "రెండు పనులకీ ఒకటే జీతమా?" అన్నారు. తెలుగులో అడిగారు కాబట్టి బతికిపోయాం.

రైన్ నది వంతెన దాటగానే "దేశం మారింది నాన్నా" అన్నాను. "చెక్‌పోస్టు ఏదిరా?" లేదు. 1920ల నుంచీ ఈ రెండు దేశాలకీ కస్టమ్స్ ఒప్పందం ఉంది, నోటు కూడా స్విస్ ఫ్రాంకే. ఆయనకి కాస్త నిరాశగానే అనిపించింది.

వాడుజ్‌లో దిగి కోటని కింద నుంచే చూశాం. రాజుగారి కుటుంబం ఇంకా అక్కడే ఉంటుంది, లోపలికి రానివ్వరు. అమ్మ తెచ్చిన పులిహోర తిని, మళ్లీ పదకొండో నంబరు ఎక్కాం. తప్పు అక్కడే జరిగింది. నంబరు చూశాను గానీ బోర్డు మీద ఊరి పేరు చూడలేదు.

రెండు స్టాపులు కూడా కాలేదు. "ఏరా, ఇందాక కోట కొండ కుడి పక్కన కదా ఉంది? ఇప్పుడు ఎడమకి వచ్చిందేంటి? వెనక్కి పోతున్నాం" అన్నారు నాన్న. నేను ఫోన్ తీసి మ్యాప్ తెరిచేలోపు ఆయన ఎర్ర బటన్ నొక్కేశారు. ట్రీజెన్‌లో దిగి, రోడ్డు దాటి, అవతలి స్టాపులో నిలబడ్డాం. పావుగంట లోపే ఇంకోటి వచ్చింది. ఇంకాస్త ఆలస్యమైతే స్విట్జర్లాండ్‌లో తేలేవాళ్లం.

అప్పటికి ఆఫీసులు వదిలారు. ఈ దేశంలో ఉద్యోగం చేసేవాళ్లలో సగానికి పైగా రోజూ పక్క దేశాల నుంచి వచ్చిపోయేవాళ్లే. ఇంత చిన్న దేశానికి ఇన్ని బస్సులెందుకో అప్పుడు అర్థమైంది. సీటు అమ్మకి ఒక్కదానికే దొరికింది. నేను రాడ్ పట్టుకుని వేలాడుతున్నాను. నాన్న మాత్రం సీటుకి నడుం ఆనించి, రెండు చేతులూ వదిలేసి నిలబడ్డారు. మలుపుల్లో కూడా తూలలేదు.

షాన్‌వాల్డ్ దగ్గర, ఆస్ట్రియా సరిహద్దులో, కార్ల బారు. సంచిలోంచి పాస్‌పోర్టులు తీసి చేత్తో పట్టుకున్నాను. ఎవరూ అడగలేదు.

ఫెల్డ్‌కిర్క్‌లో జ్యూరిక్ రైలెక్కాం. అది మళ్లీ లీక్టెన్‌స్టైన్ మీదుగానే పోతుంది, ఎక్కడా ఆగకుండా. షాన్ స్టేషన్ కిటికీ పక్కనుంచి జారిపోయింది.

"దేశం కదరా, ఒక్క స్టాపైనా లేదా?" అంది అమ్మ.

"ఎక్స్‌ప్రెస్సే" అన్నారు నాన్న, కళ్లు మూసుకునే.