ఎంత నొక్కినా లేవని తేమ మీటర్: తప్పు దొరికింది

దొరికింది! మూడు వారాలు సతాయించిన తప్పు నిన్న రాత్రి పదకొండింటికి దొరికింది. బత్తాయి తోటలో పెట్టిన తేమ మీటర్ సంగతే. బటన్ నొక్కి పట్టుకుంటే ఓలెడ్ (చిన్న తెర) మీద రీడింగ్ రావాలి, వదిలితే బోర్డు పడుకోవాలి (బ్యాటరీ మిగిల్చే నిద్రలోకి పోవాలి). రెండు మూడు రోజులకోసారి బాపు ఫోన్ చేసేవాడు: "మల్ల పండుకున్నదిరా, ఎంత ఒత్తినా లేస్తలేదు." రీసెట్ కొడితే మళ్లీ మామూలుగా పనిచేసేది.

3.3 వోల్టుల ప్రో మినీ (చిన్న ఆర్డుయినో బోర్డు), 8 మెగాహెర్ట్జ్, ఒక 18650 సెల్ (లిథియం బ్యాటరీ). బోర్డు మీది రెగ్యులేటర్ (వోల్టేజీని స్థిరంగా ఉంచేది) పీకేసి, తక్కువ కరెంటు తాగే ఎంసీపీ1700 పెట్టాను (బ్యాటరీ పనులకు నాకు ఇదే నచ్చుతుంది), నిద్రలో 6 మైక్రోయాంపులే.

మొదట మోటార్ స్టార్టర్ నుంచి వచ్చే విద్యుత్ నాయిస్‌ని అనుమానించాను, ఎందుకంటే బటన్ వైరు నాలుగు మీటర్లు మోటార్ కేబుల్ పక్కనుంచే వస్తుంది. చిప్ లోపలి పుల్అప్ (బటన్ నొక్కనప్పుడు పిన్‌ని హైలో ఉంచే రెసిస్టర్) తీసేసి బయట 10 కిలోఓమ్స్ పెట్టాను, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ కూడా. కొంచెం తగ్గినట్టు అనిపించింది కానీ పోలేదు. పోయిన ఆదివారం లేవకుండా ఉన్నప్పుడే, రీసెట్ కొట్టకుండా, మల్టీమీటర్ పెట్టి కరెంటు చూశాను: 6 మైక్రోయాంపులు. ప్రోగ్రామ్ ఎక్కడో ఇరుక్కుంటే మిల్లీయాంపుల్లో లాగేది, అంటే ఇది నిజంగానే నిద్రలో ఉంది. బటన్ నొక్కితే 336కి పెరిగింది, ఆ పెరిగిన 330 పుల్అప్‌లో పోయేదే, కాబట్టి వైరూ బటనూ బాగానే ఉన్నాయి. నొక్కిన సంగతి పిన్ దాకా వస్తున్నా చిప్ వినడం లేదు!

ఇంట్లో టేబుల్ మీద లెక్కపెట్టి యాభైసార్లు నొక్కాను. స్టార్టర్ డబ్బాలోంచి తీసిన పాత ఆకుపచ్చ బటన్‌తో 9 సార్లు ఆగింది, కొత్త ట్యాక్ట్ స్విచ్‌తో (బోర్డు మీద పెట్టే చిన్న బటన్) ఒక్కసారి. అప్పుడు వెలిగింది, తేడా వదిలేటప్పటి బౌన్స్‌లో (బటన్ లోపలి రేకులు క్షణంపాటు అదిరి కలిసి విడిపోవడం) ఉంది.

బటన్ ఉన్న డి2 పిన్ మీద లో లెవెల్ ఇంటరప్ట్ (పిన్ లోలో ఉన్నంతసేపు చిప్‌ని పిలిచే, నిద్రలో ఉంటే లేపే సంకేతం) వాడుతున్నాను. నొక్కి పట్టుకున్నంతసేపు అది మళ్లీ మళ్లీ రాకుండా ఐఎస్ఆర్‌లో (ఇంటరప్ట్ వచ్చినప్పుడు నడిచే కోడ్) మొదటి లైనే డిటాచ్, అంటే ఆ ఇంటరప్ట్‌ని తీసేయడం. వేలు తీయగానే కోడ్ ఇంటరప్ట్‌ని మళ్లీ అటాచ్ చేసి (తగిలించి), సీరియల్‌లో ఒక లైన్ ప్రింట్ అయ్యేదాకా 20 మిల్లీసెకన్లు ఆగి, తర్వాత పడుకునేది. ఆ సందులో బౌన్స్ వస్తే ఐఎస్ఆర్ నడిచి ఇంటరప్ట్‌ని పీకేస్తుంది, ఆ తర్వాత చిప్ పడుకుంటుంది, ఇక లేపేవాడే లేడు.

ఇప్పుడు వేలు తీశాక 50 మిల్లీసెకన్లు ఆగుతున్నాను, ప్రింట్ ముందే అయిపోతుంది, ఇంటరప్ట్‌లు ఆపి, అటాచ్ చేసి, స్లీప్ ఎనేబుల్ చేసి, మళ్లీ తెరిచి వెంటనే స్లీప్. ఏవీఆర్ చిప్‌లలో (ప్రో మినీలో ఉన్నది ఈ రకమే) ఇంటరప్ట్‌లు తెరిచిన తర్వాతి ఒక్క ఇన్‌స్ట్రక్షన్ పూర్తయ్యాకే ఆగి ఉన్న ఇంటరప్ట్ నడుస్తుంది, కాబట్టి ముందు పడుకుంటుంది, ఇంటరప్ట్ ఉంటే వెంటనే లేస్తుంది. పాత బటన్‌తోనే 300 సార్లు నొక్కాను, ఒక్కసారీ ఆగలేదు.

వాచ్‌డాగ్‌తో (చిప్ లోపలి టైమర్) 8 సెకన్లకోసారి లేపితే సరిపోదా అని ఒక దోస్త్ అన్నాడు. 3 వోల్టుల దగ్గర దానికే 4 మైక్రోయాంపులకు పైన పోతుంది, పైగా తప్పు అలాగే లోపల ఉండిపోతుంది, నాకు ఇష్టం లేదు.

తర్వాత పని లోరా (తక్కువ కరెంటుతో దూరం పోయే రేడియో). తోట నుంచి ఇంటికి 400 మీటర్లు, బాపు అంతదూరం నడవకుండా రీడింగ్ ఇంటికే రావాలి. వచ్చే ఆదివారం హైదరాబాద్ కోఠిలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే గుజరాతీ గల్లీకి పోయి రెండు మాడ్యూల్స్ తేవాలి, పనిలో పనిగా నీళ్లు చొరని బటన్ కూడా ఒకటి.