తోక ఎక్కడిదాకా?

మా నాయన సంతలో జీవాలు కొనేటప్పుడు కడుపు చూడడు. గొర్రె పక్కన వంగి, ఆఖరి పక్కటెముక దాటినాక నడుం మీద బొటనవేలు పెట్టి నొక్కుతాడు. వెన్నెముక కొనలు రంపం పళ్లలాగా తగిలితే మాట్లాడకుండా పక్కదాని దగ్గరికి పోతాడు. తోలుకొచ్చే ముందు కొందరు వాటికి ఉప్పు పెట్టి కడుపు నిండా నీళ్లు తాపుతారని ఆయనకు తెలుసు. "అది నీళ్లు పాపా, కండ కాదు" అంటాడు.

కళ్యాణదుర్గం పక్క పల్లెలో, గొర్రెల దొడ్డి వాసనలో పెరిగినదాన్ని. సముద్రాన్ని మొదటిసారి చూసింది ఇరవై రెండేళ్లప్పుడు. అట్లాంటిది, ఎమ్మెస్సీ జువాలజీ అవగానే సముద్రపు చేపపిల్లల ఒళ్లు ఎట్లుందో లెక్కగట్టే ప్రాజెక్టులో చేరాను. కాకినాడ వైపు ఒక చోట, విశాఖ వైపు ఒక చోట ఒడ్డు నుంచి అలివి వల లాగేవాళ్ల దగ్గర నూనె కవళ్ల (సార్డిన్ చేపల) పిల్లలు తీసుకోవడం, పొడవు కొలవడం, తూకం వేయడం. కవళ్లు తూస్తున్నానని ఫోన్లో చెప్తే మా నాయన "ఏ గొర్రెవి?" అన్నాడు. ఆయనకి కవళ్లంటే ఒకే ఈతలో పుట్టిన రెండు పిల్లలే.

చేపపిల్ల లావుంటే ఏంటి, సన్నగుంటే ఏంటి అనిపిస్తుంది. సన్నది నెమ్మదిగా పెరుగుతుంది. పెరగనన్ని రోజులూ పెద్ద చేపల నోటికి సరిపోయే సైజులోనే తిరుగుతుంటుంది. గుడ్డులోంచి తెచ్చుకున్న సొన అయిపోయే రోజుల్లో మేత దొరికిందా లేదా అన్నదాన్ని బట్టే ఆ ఏటి చేపలు ఎక్కువా తక్కువా అన్నది తేలుతుందని నార్వే శాస్త్రవేత్త యోహాన్ యోర్ట్ 1914లోనే అన్నాడు. అందుకే ఏ తీరంలో పిల్లలు పుష్టిగా ఉన్నాయో కనుక్కోవడానికి ఇంత తంటా.

లెక్క మాత్రం సులువే. స్కాట్లండ్‌లో చేపల మీద పనిచేసిన ఫుల్టన్ పేరు మీద ఉంది. గ్రాముల్లో బరువును 100తో గుణించి, సెంటీమీటర్లలో ఉన్న పొడవు ఘనంతో భాగించాలి. 10 సెంటీమీటర్ల చేప 9 గ్రాములు తూగితే 0.9. ఎంత ఎక్కువ వస్తే అంత బలిసినట్టు.

నాలుగో నెలలో అంకెలు చూసి ఎగిరి గంతేశాం. విశాఖ పిల్లలు 0.9 దగ్గరుంటే కాకినాడవి 1.2 దాటాయి! గోదావరి నీళ్లు కలిసే చోటు కదా, మేత బాగుంటుంది, అందుకే బలిశాయి అని కారణం కూడా తయారైపోయింది. పోస్టర్ ప్రింటయింది. విశాఖ చేపలు కొలిచేది నేను, కాకినాడవి నాతోపాటు చేరిన ఇంకో అమ్మాయి. ఒకరోజు ఆమెకి జ్వరం వస్తే ఆ డబ్బా నేను తీసుకుని కొలిచాను. చేపలన్నీ ఒక్క పూటలో బక్కచిక్కిపోయాయి.

తర్వాత రోజు ఆమె వచ్చాక ఒకే చేపను ఇద్దరం పక్కపక్కన కూర్చుని కొలిచాం. నేను ముక్కు నుంచి తోక కొస దాకా కొలుస్తున్నాను. ఆమె తోక చీలిక దాకే. కవళ్ల తోక లోతుగా చీలి ఉంటుంది, పైగా వలలో రాసుకుని కొసలు విరిగిపోతాయి కాబట్టి చీలిక దాకా కొలవడమే మేలని ఆమెకి ఎవరో నేర్పారు. ఆ నేర్పిందీ తప్పు కాదు. నాకు 10 వచ్చిన చేప ఆమెకి 9 వస్తుంది. 10కి ఘనం 1000, 9కి 729. అవే 9 గ్రాములకి నా లెక్కలో 0.9, ఆమె లెక్కలో 1.23. గోదావరికి ఏ సంబంధమూ లేదు. రిజిస్టర్‌లో గడి పైన "పొడవు" అని ఒక్క మాటే ఉంది, ఇద్దరిలో ఎవరమూ రెండోవాళ్లని అడగలేదు. పోనీ పాత చేపలు మళ్లీ కొలుద్దామంటే అవి కుళ్లకుండా వేసిన ఫార్మలిన్‌లో కాస్త ముడుచుకుపోయి ఉన్నాయి. ఆ పోస్టర్ ఇప్పటికీ మా బీరువా వెనక చుట్టి ఉంది, చీపురుకి అడ్డం పడుతుంటుంది.

ఇదంతా మొన్న శనివారం మళ్లీ గుర్తొచ్చింది. ఇప్పుడు నేను పాఠం చెప్పే డిగ్రీ రెండో ఏడాది పిల్లల ప్రాక్టికల్‌కని అనంతపురం మార్కెట్లో రెండు కిలోల కవళ్లు కొన్నాను. డబ్బాలో ఐసు సగం కరిగి చేపలు నీళ్లలో తేలుతున్నాయి. ఇట్లాంటివాటితో సముద్రం సంగతి ఏమీ తేల్చలేం, లెక్క చేతికి రావడానికి పనికొస్తాయి అంతే. అడుగున వేలెడంత కూడా లేని పిల్లలు కొన్ని ఉన్నాయి. బంగారం తూచే బుల్లి ఎలక్ట్రానిక్ తక్కెడ మీద వాటిని పెట్టే ముందు టిష్యూతో అద్దమన్నాను. ఒక్క గ్రాము కూడా లేని చేపకి తోక కింద నిలిచిన చుక్క కూడా లెక్కే. స్కేలు దగ్గర అయితే ఇంకా జాగ్రత్త. 5 సెంటీమీటర్ల చేపని ఒక్క మిల్లీమీటరు తప్పు కొలిస్తే పొడవులో తప్పు 2 శాతమే, ఘనం చేసేసరికి 6 అవుతుంది.

ఒకమ్మాయి లేచి, "మేడం, చిన్నవన్నీ ఆకలితో ఉన్నట్టున్నాయి" అంది. ఆమె చేతిలోది 5 సెంటీమీటర్లు, 0.9 గ్రాములు, లెక్క 0.72. పెద్దది 10 సెంటీమీటర్లు, 9 గ్రాములు, 0.9. మంచి ప్రశ్న. పొడవు రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లవుతుందని ఫుల్టన్ లెక్క అనుకుంటుంది. మా బల్ల మీద మాత్రం పది రెట్లయింది. పిల్లప్పుడు సన్నగా పొడుగ్గా ఉండి, పెరిగేకొద్దీ ఒళ్లు పట్టే జాతి అది. గొర్రెపిల్లకి కాళ్లే కనిపిస్తాయి, ఎవరైనా దాన్ని పొట్టేలు పక్కన నిలబెట్టి బక్కదంటారా? 1951లో లె క్రెన్ అనే శాస్త్రవేత్త ఇంగ్లండ్‌లోని విండర్మియర్ సరస్సు పెర్చ్ చేపల మీద పనిచేసి ఈ చిక్కు విప్పాడు. ఎన్నో చేపల్ని తూచి, ఏ పొడవుకి ఎంత బరువు ఉండాలో ముందు తేల్చుకోవాలి. తర్వాత ఒక్కో చేప అసలు బరువుని దాంతో భాగించాలి. 1 వస్తే మామూలు, తగ్గితే బక్క. ముందు నుంచీ ఇదే నేర్పితే సరిపోతుంది కదా అనిపిస్తుంది నాకు. సిలబస్‌లో ఫుల్టన్‌తోనే ఆపేస్తారు.

సాయంత్రం మిగిలినవి ఇంటికి తెచ్చాను. మా నాయన ఊరి నుంచి వచ్చి ఉన్నాడు. ఒక చేపని అరచేతిలో పెట్టుకుని, తల వెనక వీపు మీద బొటనవేలితో నొక్కి, "నీళ్లు పట్టింది" అన్నాడు. అది ఐసు నీళ్లే. కానీ బతికున్న చేపలోనూ అట్లాంటిదే జరుగుతుందని చెప్పాను. కాడ్ చేప కొవ్వుని కాలేయంలో దాచుకుంటుంది, మందుల షాపులో దాని నూనె అమ్మేది అందుకే. కవళ్లు చాలావరకు కండలోనే దాచుకుంటాయి. కండలో కొవ్వూ నీళ్లూ కలిపి దాదాపు 80 శాతం ఉంటాయి. మేత లేక కొవ్వు కరిగితే ఆ చోట్లోకి నీళ్లు చేరతాయి. చాన్నాళ్లు తక్కెడకి తేడానే తెలియదు. ఓవెన్‌లో 60 డిగ్రీల దగ్గర, ఇక బరువు తగ్గదు అనేదాకా ఎండబెట్టి మళ్లీ తూస్తేనే గుట్టు బయటపడుతుంది.

"ఉప్పు పెట్టకుండానే తాగేసిందన్నమాట" అన్నాడు.

మరీ చిన్న చేపపిల్లలకైతే కణాల్లో ఆర్‌ఎన్‌ఏ, డీఎన్‌ఏ నిష్పత్తి చూస్తారు. కణంలో డీఎన్‌ఏ మోతాదు మారదు, ప్రోటీన్ తయారయ్యేటప్పుడు ఆర్‌ఎన్‌ఏ పెరుగుతుంది. గడిచిన కొద్ది రోజుల్లో మేత ఎట్లా దొరికిందో దాంతో తెలుస్తుంది. ఇది ఆయనకి చెప్పబోయి ఆపేశాను.

ఆయన చేప కింద పెట్టి చెయ్యి కడుక్కుని వచ్చి అడిగాడు. "మరి మీ వల్లో బక్కవి పడతాయా? సంతకి ఎవడూ మరీ బక్కదాన్ని తోలుకురాడు కదా."

బక్కవాటిని అప్పటికే పెద్ద చేపలు తినేసి ఉంటాయి, మాకు దొరికేవి మిగిలినవే, అందుకే నెల నెలకీ మా అంకెలు బాగుపడుతున్నట్టు కనిపిస్తాయి అన్నాను. మేత పెరిగినా అట్లే కనిపిస్తుంది, బక్కవి చచ్చినా అట్లే కనిపిస్తుంది.

"రెండిట్లో ఏదో ఎట్ల తెలుస్తాది?"

పెద్ద చేపల కడుపులు కోసి చూడాలి అన్నాను. ఆ పని మా ప్రాజెక్టులో లేదు.